ఉయ్యూరు కాలవగట్టు మీద రెండో సాక్షి

రంజాను పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు ఎందుకు జరుగుతుందని మా కోచింగు కాలేజీలో ఒక అమ్మాయి అడిగింది. లెక్కల మాస్టారిని కదా, బోర్డు నిండా లెక్క వేసి చూపించాను. చాంద్రమానంలో సంవత్సరానికి అన్ని రోజులు తక్కువ. మనం అధికమాసం కలిపి సర్దుకుంటాం, వాళ్ళు కలపరు. ఇదంతా గొప్పగా చెబితే మా వీధిలో ఉండే లారీ డ్రైవరు బాషా నవ్వాడు. "లెక్క సరే మాస్టారూ, మాకు కంటికి కనపడితేనే నెల మారుద్ది. ఉయ్యూరు రండి, మా నాన్నతో కలిసి చూద్దురుగాని." బందరు బీచికి పోదామన్నాను. "సముద్రం తూర్పున, నెలవంక పడమట. అక్కడేం చూస్తారండీ?" అన్నాడు. సరే, ఉయ్యూరే అన్నాను.

ఇరవై తొమ్మిదో ఉపవాసం నాడు, గురువారం మూడున్నరకి విజయవాడ బస్టాండులో బందరు బస్సెక్కాం. టికెట్టు యాభై లోపే, ఉయ్యూరికి గంట ప్రయాణం. బాషా దారి పొడుగునా కిటికీలోంచి మబ్బులే చూస్తున్నాడు. శనివారం తెల్లారుజామున ఆటోనగర్‌లో సరుకెక్కించుకుని నాగపూర్ వెళ్ళాలి. గోడ క్యాలెండరులో పండుగ శుక్రవారమని ఎర్ర అంకె చూసి ఆ ఒక్కరోజే సెలవు అడిగాడు. ఈ సాయంత్రం నెలవంక కనపడకపోతే శుక్రవారం ముప్పయ్యో ఉపవాసం, శనివారం పండుగ. అప్పటికి అతను స్టీరింగు ముందుంటాడు. గడిచిన మూడు పండుగలూ దాబాల్లోనే అయిపోయాయట. ఉయ్యూరులో షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు, "నెలవంకకా సార్? పడమరంతా మూసేసిందిగా!" అన్నాడు. ఇరవై రూపాయలూ ఇచ్చి దిగాం గానీ ఆ మాట మాత్రం మాతోనే వచ్చింది.

చెరుకు తోటల పక్కన కాలవగట్టు మీద బాషా నాన్న కరీముల్లా గారు ఎదురుచూస్తున్నారు. బట్టలు కుట్టి రిటైరైన మనిషి. నెలవంక విషయంలో ఆయన మాటంటే ఊళ్ళో గురి. అరబ్బీలో నెలవంకని హిలాల్ అంటారనీ, అది కనపడితే రంజాను పోయి షవ్వాల్ నెల వస్తుందనీ, తమకి రోజు పొద్దు గుంకగానే మొదలవుతుందనీ చెప్పారు. ఆరూ ఇరవై దాటాక మగ్రిబ్ అజాన్, సాయంత్రం నమాజు పిలుపు, వినపడింది. తండ్రీకొడుకులు ఖర్జూరం, మంచినీళ్ళతో ఉపవాసం విడిచి, గట్టు మీదే నమాజు చేశాక, ముగ్గురం పడమటి ఆకాశం వైపు చూశాం.

మబ్బు ఒక్కచోట చీలింది. సన్నటి తెల్లని గీత. "అదిగో!" అని అరిచాను. కరీముల్లా గారు అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసేలోపే మూసుకుపోయింది. బాషా అటు తిరిగేసరికి అక్కడేమీ లేదు.

అప్పుడే మసీదు నుంచి కరీముల్లా గారికి ఇమాం గారి ఫోను. ఊళ్ళో ఒకాయన చూశానన్నాడట. బయట ఊళ్ళ నుంచి ఇంకా కబురు లేదు. మబ్బు రోజున ఇద్దరు సాక్షులుండాలి, మీరు చూశారా అని అడుగుతున్నారు.

"నేను చూశానండీ, ఒట్టు. చెప్పండి," అన్నాను.

"మా నెలకి మావాళ్ళే సాక్ష్యం చెప్పాలి మాస్టారూ," అన్నారు కరీముల్లా గారు.

"అయితే మీరే చూశాననండి. నామీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉందండీ. కానీ శహాదత్ అంటే నా కళ్ళతో చూసింది చెప్పడం. మీ కళ్ళతో కాదు."

ఆయన కొడుకు వైపు చూశారు. బాషా తల దించుకుని చెప్పుతో మట్టి గీకుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట అంటే ఏం పోయింది ఈ పెద్దాయనకి? ఆయన ఫోనులో ఇమాం గారితో అన్నారు. "హజ్రత్, నేను చూళ్ళేదు."

కరీముల్లా గారు ఫోను పెట్టేశారు. ఆ తర్వాత బాషానే అన్నాడు. "రోడ్డు మీద సగం ఉపవాసాలు వదిలేశాను నాన్నా. రేపు తెల్లారకముందే సహరి తినడానికి లేపు. ముప్పయ్యోదైనా నీతో ఉంటా." కరీముల్లా గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ రాత్రి మరే ఊరినుంచీ కబురు రాలేదు.

శనివారం పొద్దున్నే బాషా దారిలోంచి ఫోను చేశాడు. "ఈద్ ముబారక్ మాస్టారూ. నిజం చెప్పండి, మీరు చూసింది నెలవంకేనా?" గట్టు మీద ఒట్టయితే వేశాను గానీ, మబ్బు అంచు అయినా అంతే సన్నగా మెరుస్తుంది. "ఏమో బాషా," అన్నాను. బతుకంతా జవాబు కింద రెండు గీతలు గీసినవాణ్ణి, ఏమో అనడం ఆ పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాను.

పండుగకి ఎవరింటికైనా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: క్యాలెండరులో ఎర్ర అంకె అంచనా మాత్రమే. దాని పక్క రోజుక్కూడా సెలవు పెట్టుకోండి. బాషాకి దొరకనిది ఆ ఒక్కరోజే.