జెల్ల ముల్లు

మొన్న శుక్రవారం మా పాపతో కువైట్‌లో మా ఇంటి దగ్గరి అబూ హలీఫా సముద్రపు ఒడ్డుకి వెళ్లాను. పక్కన ఎవరో గాలానికి పడిన జెల్లని రాళ్ల మీదకి విసిరేశారు. పొలుసు లేని ఆ చేప జిగురు వాసన తగలగానే నాకు మళ్లీ ఏడేళ్లొచ్చాయి.

అప్పుడూ చలి తగ్గిన రోజులే. ఇక్కడివాళ్లు పారేసే జెల్ల కోసమే కోనసీమవాడైన నాన్న గాలం వేసేవాడు, పులుసుకి. ఆ సాయంత్రం ఒకటి పడింది. దాన్ని బకెట్లో వేస్తుండగా మా వెనక రోడ్డు మీద ఏదో బండి మెల్లగా వచ్చి ఆగింది. ఎప్పుడూ గుచ్చించుకోని నాన్నకి ముల్లు అరచేతిలో దిగి విరిగింది.

"నాన్నా, రక్తం."

"ఊరుకో తల్లీ. ఎనక్కి చూడకు, చేపలు బెదిరిపోతాయి. నీళ్లకేసే చూడు."

అరవలేదు, ముల్లు పీక్కోలేదు. ఆ చేత్తోనే మళ్లీ గాలం వేసి నిలబడ్డాడు. గడ్డం మీదుగా చెమట కారుతోంది. బండి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చేపలు బెదరకూడదని నేను ఊపిరి బిగబట్టాను. చాలాసేపటికి బండి కదిలి వెళ్లింది. అప్పుడు నాన్న రాళ్ల మీద కూలబడ్డాడు.

మా నాన్నకి నొప్పే తెలియదని బడిలో గొప్పలు చెప్పాను. అది పోలీసుల బండి అనీ, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, రెన్యూ చేయించక ఆ యేడు నాన్నకి ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు లేదనీ, దొరికితే పట్టుకుని ఊరికి పంపేసేవాళ్లనీ నా పెళ్లయ్యాక అమ్మ చెప్పింది.

మొన్న కూడా మా వెనక ఏదో బండి ఆగింది. నా ఇఖామా సంచీలోనే ఉంది. అయినా పాప తల నీళ్లవైపు తిప్పి పట్టుకున్నాను.