చుట్టూ జానెడు

యూ టీ అంకుల్ పోయారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, అలవాటు ప్రకారం హాల్లో చాప వేసుకుని నడుం వాల్చినవారు మళ్లీ లేవలేదు. నాలుగింటికి టీ పెట్టి పిలిచిన ఆంటీ ముందు నాకే ఫోన్ చేశారు. నేను సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా ఇంట్లో బట్టలు ఆరేస్తున్నాను. "అంకుల్ లేవట్లేదు తల్లీ" అన్నారు. తడి చొక్కా చేత్తో పట్టుకునే లిఫ్టు దాకా వచ్చేశానని లిఫ్టులో అద్దం చూశాకే నాకు తెలిసింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఉద్యోగానికని ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది, యూ టీ స్టేషన్ దగ్గరున్న వాళ్ల ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకున్నాను, అంతే. ఆ తర్వాత పెళ్లి, వేరే ఇల్లు, వేరే స్టేషన్. అయినా నా ఫోన్‌లో ఆయన పేరు ఈనాటికీ యూ టీ అంకులే. ముప్పై ఏళ్లు రిఫైనరీలుండే జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఏం పని అని ఎవరైనా అడిగితే "వేడి పైపులకు దుప్పట్లు కప్పే పని" అనేవారు. నిజంగా అదే పని. వందల గజాల పైపులు, వాటి మీద ఊలు లాంటి చుట్ట, దాని మీద రేకు. కాలిపోతున్న పైపు పక్కనుంచి మనిషి చొక్కా నలగకుండా నడిచిపోవాలి, అదీ ఆయన చదువు.

టీ గ్లాసు చేతికిస్తూ "పనాస్, పనాస్" అనేవారు. మలయ్‌లో వేడి అని. ముప్పై ఏళ్లు సైట్‌లో అరిచీ అరిచీ నోటికి అదే అలవాటైపోయింది. టీ వేడైనా పనాస్, ఆంటీకి కోపమొచ్చినా పనాసే. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేస్తే, అంటే మాదని పట్టి ఉంచుకుంటే, ఈయన టేపు పెట్టి వెళ్లేవారు. గవర్నమెంటు మనిషెవరో వచ్చాడనుకుని ఆ బల్ల దగ్గరకు ఎవరూ వచ్చేవారు కాదు. ఇంతా చేసి ఇంట్లో మాత్రం టేపు తీసేవారు కాదు. చెయ్యి బారజాపి బొటనవేలూ చిటికెనవేలూ ఆనించి, జానలతో కొలిచేవారు. "మిల్లీమీటర్లు సూపర్‌వైజర్‌కి అమ్మాయ్, మనకి జానెడే. జానెడు పొట్ట కోసమే కదా సముద్రం దాటాం" అని నవ్వేవారు.

ఆ జానెడు మాటే మా కొంప ముంచబోయింది. కాపాడింది కూడా ఆ మాటే. ఈ నాలుగు ముక్కలూ రాయడం దాని గురించే.

మా తమ్ముడు అరకు వైపు కొండల్లో కాఫీ తోటలో పనిచేస్తాడు. అక్కడే రెండు గదుల చెక్క ఇల్లు కట్టుకున్నాడు. రెండేళ్ల కిందట, చలి మొదలయ్యే రోజుల్లో వాళ్లకు పాప పుట్టింది. ఆ కొండల చలి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చంటిదానికి వెచ్చగా ఉంటుందని వాడు విశాఖలో వెల్డర్ దగ్గర ఇనప పొయ్యి చేయించుకొచ్చాడు. కట్టెల పొయ్యి. దాని పొగగొట్టం చెక్క గోడలోంచి బయటికి పోవాలి. "సింగపూర్‌లో నీకు అందరూ ఇంజినీర్లే కదక్కా, కాస్త కనుక్కో" అన్నాడు.

నేను ట్రైన్‌లో నిలబడి అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన రెండు మాటలు చెప్పారు. చెక్క గోడైతే పైపుకి జానెడు ఖాళీ వదలమను. వెలిగించకముందు నాకు ఫొటో పెట్టమను. నేను ట్రైన్ మారే హడావిడిలో తమ్ముడికి మెసేజ్ కొట్టాను: గోడకి జానెడు కన్నం చాలుట. ఫొటో సంగతి మర్చేపోయాను.

ఆ తర్వాత ఒక శనివారం యూ టీ వెళ్లినప్పుడు అంకుల్‌కి పాప ఫొటో చూపించాను. మా మరదలు ఒళ్లో పాప, పక్కన ఎర్రగా పొయ్యి. ముద్దొస్తోందంటారనుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫొటోని వేళ్లతో పెద్దది చేశారు. పాపని కాదు, వెనకాల గోడని. టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఎన్నాళ్ల నుంచి వెలిగిస్తున్నారు?"

"పన్నెండు రోజులు."

"ఇప్పుడే ఆర్పించు."

నాకు చిరాకేసింది, అబద్ధమెందుకు. కన్నం జానెడే ఉంది, మీరు చెప్పినంతే. పైపు చుట్టూ మిగిలిన సందులో సిమెంటు కూడా గట్టిగా కూరారు, సిమెంటు కాలదు కదా అన్నాను. ఆయన గొంతు పెంచకుండా చెప్పారు. సిమెంటు కాలదు, కానీ వేడిని తాగి పక్కనున్న చెక్కకి అందిస్తుంది. చెక్క ఒక్కరోజులో అంటుకోదు. రోజూ కాస్త కాస్త మాడుతుంది. మాడేకొద్దీ తక్కువ వేడికే అంటుకునే గుణం పట్టుకుంటుంది. "ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా అంటారు అందరూ. ఆ ఇన్నాళ్లే తల్లీ ప్రమాదం" అన్నారు.

తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. వాడు ఒంటికాలి మీద లేచాడు. ఇక్కడ పిల్ల చలికి ముడుచుకుపోతోంది, ఆయనకేం, ఏసీలో కూర్చుని ఎన్నైనా చెప్తారు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అంకుల్ ఏమీ అనుకోలేదు. ఫోన్ దగ్గరకు జరిగి మాట్లాడారు.

"బాబూ, నీ కోపం సబబే. రెండ్రోజులు పిల్లని పక్కింట్లో పడుకోబెట్టు. ఆ సిమెంటు తీయించి చూడు. చెక్క అంచు తెల్లగా ఉంటే నన్ను తిట్టు, పడతాను."

సోమవారం మధ్యాహ్నం తమ్ముడు ఫొటో పంపాడు. పలకల అంచులు వేయించిన కాఫీ గింజల రంగుకు తిరిగాయి. పైవైపు బొగ్గే. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు. "గోరుతో గీస్తే రాలుతోందక్కా. ఆ గోడ పక్కనే ఉయ్యాల కట్టాం" అన్నాడు. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. కన్నం అని రాసింది నేను. ఫొటో మాట మింగింది నేను.

ఆ సాయంత్రమే వెళ్లి అంకుల్‌కి అదంతా ఒప్పుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన చెయ్యి చాపి, బల్ల మీద టీ గ్లాసుకి ఒకవైపు జానెడు, రెండోవైపు జానెడు, ముందూ వెనకా జానెడు పెట్టి చూపించారు. "నేను చెప్పింది ఇది. నువ్వు విన్నది ఒక్క జానెడు. చుట్టూ అనే మాట నేను అనలేదు. సగం తప్పు నాదే" అన్నారు. ఆంటీ వంటింట్లోంచి "ఇన్నేళ్లకి తప్పు ఒప్పుకున్నావా లా, రాసి పెట్టుకుంటా" అన్నారు, ఈ ఊరి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

ఆ తర్వాతి ఆదివారం వాళ్ల బ్లాక్ కింద, ఖాళీ స్థలంలో ఉన్న రాతి బల్ల దగ్గర మా పాఠశాల. ఎవరో పారేసిన ఫ్రిజ్ అట్టపెట్టె గోడ అయింది. అటు ఫోన్‌లో తమ్ముడు, వాడి పక్కన వడ్రంగి. ఇటు మోకాళ్ల మీద కూర్చుని అట్ట కోస్తూ అంకుల్. గోడ దాటేచోట మామూలు రేకు గొట్టం పనికిరాదు. రెండు రేకు పొరల మధ్య కాలని ఉన్ని కూరిన రెడీమేడ్ ముక్క కావాలి. గోడ లోపల అతుకు ఉండకూడదు. ఆ ముక్క చుట్టూ, ఆ "చుట్టూ"ని నొక్కి పలికారు, జానెడేసి ఖాళీ. ఆ ఖాళీని దేనితోనూ నింపకూడదు. రెండువైపులా రేకు బిళ్లతో మూయాలి. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి ఎలా దిగాలో కాగితం కప్పులతో చూపించారు. పై కప్పు కింది కప్పు లోపలికి దిగాలి, అప్పుడు పొగ తారు కారినా పొయ్యిలోకే పోతుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు. తమ్ముడి చేత అన్నీ తిరిగి చెప్పించారు, ఎక్కాల్లాగా.

వడ్రంగి ఊరుకోలేదు. ముక్క వెడల్పు, దానికి రెండువైపులా రెండు జానలు లెక్కేసుకుని, "ఇది పొగగొట్టమా, కిటికీయా?" అని అడిగాడు. ఖాళీగా వదిలేదానికి ఇంత కొయ్యడం ఎందుకని వాడి బాధ. అంకుల్ నవ్వారు. "ఆ ఖాళీయే మీ కాపలావాడు. జీతం అడగడు, నిద్రపోడు" అన్నారు. నింపే బుద్ధి పుడితే ఆ బుద్ధిని ఆపుకోవడమే పని అని కూడా అన్నారు. ఆఫీసులో రెండు మీటింగుల మధ్య మూడో మీటింగు కూరబోయినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

ఆ ఉన్ని ముక్క ఆయనే ఇక్కడ హోటల్ వంటగదుల సామాన్లమ్మే కొట్టులో వెతికి కొనిపెట్టారు. దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వారం సెలవు మీద నేను విశాఖ వెళ్లాను. లోపల చోటు దండగెందుకని పాప టోపీలూ మేజోళ్లూ పైపులో కుక్కాను. కస్టమ్స్ ఆయన సుద్దతో గీత గీసి పెట్టె తెరిపించాడు. సింగపూర్ నుంచి బంగారం తెస్తారు గానీ పొగగొట్టం తెస్తారా అని, అందులోంచి బుల్లి టోపీలు ఒక్కొక్కటే తీశాడు. నాలుగో టోపీకి ఆయనే నవ్వేసి, మళ్లీ సర్ది పంపేశాడు. అంకుల్‌కి ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ "ఎన్నో టోపీకి?" అని అడిగేవారు.

గొట్టం బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. మాడిన పలకలన్నీ కోసి పారేశారు. బయట గొట్టం ఇంటి కప్పుని దాటి బాగా పైకి లేచింది. పొయ్యి వదిలే కనబడని విషవాయువుని పసిగట్టి మోగడానికి అంకుల్ ఇచ్చి పంపిన అలారం పెట్టెను మంచం దగ్గర గోడకి కొట్టారు. వెలిగించి గంటయ్యాక వీడియోలో ఆయన తమ్ముడితో అన్నారు: "ఇప్పుడు రేకు పక్కన, చెక్క మీద అరచెయ్యి ఆనించు. అలాగే ఉంచు. పనాస్?" తమ్ముడికి ఆ మాట తెలీదు. నేను చెప్పాను. వాడు చెయ్యి ఉంచే ఉన్నాడు. "లేదు బాబాయ్ గారూ, చల్లగా ఉంది" అన్నాడు. అంతకుముందు దాకా వాడికి ఆయన "ఆ పెద్దాయన." రోజూ అలా ఒకసారి చెయ్యి పెట్టి చూడు, ఏడాదికోసారి గొట్టం దులిపించు, మరిచిపోకు అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఈ చలికాలం ఆ ఇల్లు చూడ్డానికి ఆంటీని తీసుకుని వెళ్లాలని ఆయన ఆశ. స్వెట్టరు కూడా కొన్నారు. యూ టీలో, చెమటలు కారే ఎండలో, అది తొడుక్కుని సరిపోయిందా అని అద్దంలో చూసుకుంటుంటే ఆంటీ తిట్టారు. ఆ స్వెట్టరు ఇంకా మడత పెట్టే ఉంది. ఆంటీ నాకిచ్చి, నువ్వెళ్లినప్పుడు మీ తమ్ముడికివ్వు, ఆయన వెళ్లినట్టే అన్నారు. మీరే తెచ్చి ఇవ్వండి, టికెట్ చేస్తాను అన్నాను. నిన్న ఆంటీ, అక్కడ చలి ఎంతుంటుందని అడిగారు.

మండాయ్ దహనవాటికలో అందరూ దణ్ణం పెడుతుంటే నా కళ్లు గోడలోకి పోయే గొట్టాల వైపే పోయాయి. అంకుల్ ఉంటే అటే చూసేవారు, నాకు బాగా తెలుసు. సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయింది. ఆయన నేర్పిన చూపు అది, ఇంకెక్కడ వాడతాను?

ఆ సాయంత్రం తమ్ముడు వీడియో చేశాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వెనకాల పొయ్యి వెలుగుతోంది. "ఉండక్కా, చెయ్యి పెట్టే టైమైంది" అని పాపని చంకనెత్తుకున్నాడు. రెండేళ్ల నుంచి రోజూ చేస్తున్న పనిట, నాకే తెలీదు. గోడ దగ్గర పైకెత్తితే, పాప చెయ్యి బారజాపి రేకు పక్కన చెక్క మీద ఆనించింది. దాని జాన నా చూపుడువేలంత లేదు. కాసేపు అలాగే ఉంచి, పెద్ద మనిషిలా తల అడ్డంగా ఊపి నా వైపు తిరిగింది.

"పనాస్ లేదు" అంది.