దసరానాడు బిగించిన ఆయిల్ పంపు

మా ఆయనకు ఒక పాత వ్యాను ఉండేది. కొత్తవాడలో నేసిన జంపఖానాలను స్టేషన్‌కూ, వర్ధన్నపేట అంగడికీ చేరవేసేవాడు. ఎనభైల మొదట్లో దాని ఆయిల్ పంపు అరిగిపోయింది. ఇంజనుకు నూనె అందడం లేదని చెప్పే ఎర్ర బల్బు ఇక ఆరడమే మానేసింది.

"గిది నడిస్తె ఈడనే ఉంట. లేకుంటె భీవండి పోవుడే" అన్నాడు.

భీవండి మాట వింటేనే నాకు భయం. అక్కడి మరమగ్గాలకు పోయిన మా వాడకట్టు మగవాళ్లు పండగకు చుట్టాల్లా వచ్చి పోయేవాళ్లు.

పంపు విప్పి వాకిట్లో పెట్టుకున్నాడు. లోపలి పళ్లచక్రాలు కొత్తవి తెచ్చాడు. మూతకు గాడి పడింది, చదునుగా అరగదీయాలంటే అద్దం కావాలన్నాడు. ఇంట్లో ఉన్నది నా పెళ్లి అద్దం ఒక్కటే. దానిమీద గరుకు కాగితం పరిచి మూతను రుద్దుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అయినా నోరు మూసుకున్నాను, అది నాకు బొత్తిగా అలవాటు లేని పని. చివరికి పంపు నిండా వ్యాజలీన్ కూరి మూత బిగించాడు.

"ఇది లేకుంటె పంపు నూనె గుంజది, ఉత్త గాలి గుంజుతది" అని నాకు చెప్పాడు. ఆ ముక్క మా అత్తకు కూడా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మర్నాడు దసరా. నేను పూలకు వెళ్లాను. అత్త ఇంట్లోని ఇనుప సామానంతా పూజకు ముందేసుకుంది. కత్తిపీట, పానాలు, వాటితో పాటు పంపునూ కాగే నీళ్లలో ముంచి, జిడ్డంతా పోయేదాకా కడిగి, పసుపు కుంకుమ పెట్టింది. పైపైన తుడిచిందనుకుని ఆయన దాన్ని అలాగే బిగించి, ఇంజన్లో నూనె పోశాడు. అత్త స్టీరింగు ముందు బంతిపూల దండ కట్టింది. ఎర్ర బల్బు దాని వెనక్కి పోయింది.

టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని వాడ చుట్టూ తిప్పాడు. ఆమె మహారాణిలా కూర్చుంది. మూల తిరిగేసరికి ఇంజను టకటకా కొట్టుకుని బిగుసుకుపోయింది.

పంపు విప్పి చూస్తే పళ్లచక్రాలు పొడిగా ఉన్నాయి. వ్యాజలీన్ అంతా వేడినీళ్లలో కరిగిపోయింది. ఆయనకు అర్థమైంది. నాకూ అర్థమై, ఒళ్లు మండి లేచాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవ్వకు చెప్పకు. జిందగంత ఏడుస్తది."

తల్లితో మాత్రం "నాకే బిగించుడు రాలె అవ్వా" అన్నాడు.

ఆమె నమ్మింది. జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చిన వాళ్లందరితో "పెద్ద మేస్త్రి లెక్క కూసున్నడు, పని రాకపాయె" అని చెప్పుకుంది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ చలికాలమే భీవండి పోయాడు. పండగలకు వచ్చాడు, కొన్నేళ్లు. తర్వాత జ్వరం తగిలి అక్కడే పోయాడు.

ఆ ఏడు దసరాకు అత్త ఆయన పానాలు ముందేసుకుని కడుగుతూ కూర్చుంది.

"ఆ ఒక్క పని సక్కగ వస్తె నా కొడుకు నా కండ్ల ముందట ఉండేటోడు" అంది.

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంకిన్ని ఏడినీళ్లు తే బిడ్డా, జిడ్డు పోతలేదు."

తెచ్చి పోశాను.