తక్కువ మైళ్ళ బండి

నా చిన్నప్పుడు మనిషికీ కారుకీ తేడా తెలియనంత తెలివి ఉండేది నాకు. తప్పు పూర్తిగా నాది కాదు. అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఇంట్లో పెద్దల మాటలన్నీ కార్ల చుట్టూనే తిరిగేవి. పాత కారు కొనబోయేవాళ్ళు ఎవరు సలహాకి వచ్చినా మా నాన్నగారు ఒకటే చెప్పేవారు: "మోడల్ కాదండీ, మైళ్ళు చూడండి. తక్కువ తిరిగిందే ఎక్కువకాలం వస్తుంది." అలాంటి కారొకటి మా గరాజ్‌లో దుప్పటి కప్పుకుని దేవుడిలా ఉండేది. పదేళ్ళ నేను ఆ సూత్రాన్ని మనుషులకీ అంటగట్టి, నా మైళ్ళు పొదుపు చేసుకుంటూ సోఫాలో కూర్చునేవాణ్ణి.

అలాంటి ఇంటికి ఇండియా నుంచి మా నాయనమ్మ వచ్చింది. తెల్లజుట్టు, నేత చీర, పైన ఉన్ని కోటు, కింద మా అమ్మ కొనిచ్చిన బూట్లు. పొద్దున్నే కాఫీ తాగి నడకకి బయల్దేరేది. మా వీధుల్లో నడిచే మనిషి కనిపిస్తే, పాపం కారు చెడిపోయిందనుకునేవారు. ఎవరో ఒకరు ఆపి, ఎక్కమనేవారు. ఆవిడ దణ్ణం పెట్టి, "నో, నో, వాకింగ్" అని సాగిపోయేది. నేలమీద కూర్చుని అన్నం తిని, చేయి ఆనించకుండా లేచేది. అందరికీ వయసు మీద పడుతుంది. ఆవిడకి మాత్రం వెనకపడింది.

నాకేమో భయం. ఈ వయసులో ఇన్ని మైళ్ళా! ఇలా తిరిగితే నాయనమ్మ తొందరగా చచ్చిపోతుంది. అందుకే ఒకరోజు ఆవిడ బూట్లు తీసుకెళ్ళి, ఎవరూ తెరవని ఆ దుప్పటి కారు డిక్కీలో దాచేశాను.

బయట మంచు. చెప్పులతో వెళ్ళే వీల్లేదు. ఇల్లంతా వెతికి, ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుండిపోయింది. హమ్మయ్య, మైళ్ళు మిగిలాయనుకున్నాను. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం, లేవబోతూ ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుంది.

"మోకాళ్ళు బిగిసిపోయాయిరా నాన్నా. ఓ చెయ్యివ్వు."

అంతవరకూ ఎవరినీ చెయ్యి అడగని మనిషి. ఆ చేతి బరువు నాకింకా గుర్తే. నేను కాపాడుతున్నాననుకున్న నాయనమ్మ నా కళ్ళముందే ముసలిదైపోతోంది. వెక్కుతూ అంతా చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. నా మైళ్ళ సిద్ధాంతం చివరిదాకా శ్రద్ధగా వింది. నన్ను గరాజ్‌కి తీసుకెళ్ళి, మా నాన్నగారిని కేకేసింది. "ఏదీ, నీ పెళ్ళికొడుకుని ఓసారి స్టార్ట్ చెయ్యరా, చూద్దాం."

నాన్నగారు గర్వంగా దుప్పటి తీసి తాళం తిప్పారు. టిక్కుమంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ టిక్కే. ఒక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఆయన బానెట్ ఎత్తి, దాని వెనక మొహం దాచుకున్నారు.

"దాచుకుంటే ఇనుముకే దిక్కులేదు, మోకాళ్ళెంతరా," అని ఆవిడ డిక్కీలోంచి బూట్లు తీసి తొడుక్కుంది. "నువ్వూ తొడుక్కో."

వీధి చివర చిన్న ఎత్తు ఎక్కేసరికే నాకు ఆయాసం వచ్చింది. ఆవిడ అప్పటికే పైన స్టాప్ సైన్ పట్టుకుని నిలబడి, ఊరంతా వినబడేలా అరిచింది: "రారా, తక్కువ మైళ్ళ బండీ!"

నేను కాలేజీకి వెళ్ళేదాకా నాకదే పేరు. పెద్దవాళ్ళు నడవడిక నేర్పుతారంటారు. మా నాయనమ్మ ముందు నడక నేర్పింది. నడక ఆవిడని చిరంజీవిని చెయ్యలేదు. కానీ తొంభై దాటాక కూడా తన మంచినీళ్ళు తనే తెచ్చుకుంది, నా కొడుకుని తనే ఎత్తుకుని ఆడించింది. బతికినన్నాళ్ళూ బతికే ఉంది.

ఇప్పుడు ఆవిడ అప్పటి వయసుకి నేను దగ్గరపడ్డాను. రోజూ నడుస్తాను. మా అబ్బాయి రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అడుగులు లెక్కపెట్టే వాచీ మాత్రం ఖరీదైనది. మొన్న ఆదివారం నాతో వచ్చి, అదే వీధి, అదే ఎత్తు దగ్గర వెనకబడ్డాడు.

"డాడ్, స్లోగా వెళ్ళు, ప్లీజ్! నాకు బ్రెత్ రావట్లేదు!"

నేను పైకెక్కి స్టాప్ సైన్ పట్టుకున్నాను. నిజానికి నాకూ రావట్లేదు. వాడు చూడకుండా రెండు గుక్కలు గాలి పీల్చుకుని, ఇన్నేళ్ళుగా మోస్తున్న ఆ పేరుని వాడి మీదకి విసిరాను.

"రారా, తక్కువ మైళ్ళ బండీ!"