ఐలేశం పత్తికి తరుగు

మర్రిగూడ పక్క ఊళ్లో ఐలేశం నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం ఆయన ఖాతాలో పడుతుంది, ఎండ ఐలేశం నెత్తిన పడుతుంది. ఈసారి కౌలు పూర్తిగా కట్టకపోతే పొలం ఇంకొకరికి ఇస్తానని ఆయన ఫోనులో చాలా మర్యాదగా చెప్పాడు.

ఆ ఊళ్లో పత్తిని కాంటాకు తీసుకుపోయే ముందు నీళ్లు చల్లడం ఆనవాయితీ. బరువు పెరుగుతుంది. ఆ సంగతి తెలిసిన వ్యాపారి రామచంద్రయ్య అందరి తూకంలోనూ కొంత తరుగు కోస్తాడు. ఇద్దరికీ లెక్క సరిపోతుంది. మునిగేది ఒక్క ఐలేశమే. నీళ్లు చల్లడు, తరుగు మాత్రం ఇస్తాడు. పైగా దాన్ని నిజాయితీ అనుకుంటూ తిరుగుతాడని భార్య నర్సింగమ్మకు ఒళ్లు మంట.

"నువ్వు చల్లని నీళ్లకు ఎన్నేండ్లు తరుగిస్తవు? గీసారి చల్లి ఇద్దాం. గిండ్ల పాపమేముంది?" అన్నది.

తెల్లారగానే ఆమె వేపమండను బిందెలో ముంచి, గృహప్రవేశంలో అయ్యగారు చల్లినంత శ్రద్ధగా చల్లింది. ఐలేశం పత్తి బోరెం మూతి తెరిచి పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. రేపు దేవుడు అడిగితే చూడలేదని చెప్పొచ్చు.

కాంటా దగ్గర ఊరంతా వరుసలో ఉంది. రామచంద్రయ్య ఐలేశం బోరాల్లో చెయ్యి కూడా పెట్టలేదు.

"ఐలేశం పత్తి చూసే పన్లేదు. ఊర్ల తడపనోడు గీయనొక్కడే. ఇన్నేండ్లు ఊకెనే కోసిన. ఈసారి తరుగు తీసేది లేదు," అన్నాడు అందరూ వినేట్టు.

తరుగు లేకపోతే కౌలు పూర్తిగా తీరుతుంది. ఐలేశం నోరు మూసుకుంటే చాలు. అంత చిన్న పని అతనికి చాతకాలేదు.

"సేటూ, జర తరుగు తియ్యి."

"ఎందుకే?"

"తడిపినం."

రామచంద్రయ్య మనసు నిజంగానే నొచ్చింది. తరుగు కోసేవాడికీ ఒక నమ్మకం ఉంటుంది మరి. "నువ్వే తడిపినవంటే మిగిలినోళ్లు ఎంత పోస్తున్నరో," అని ఐలేశానికి రెండింతలు కోసి, వెనకవాళ్ల బోరాలన్నీ విప్పించాడు. అందరికీ రెండింతలే. ఆ సాయంత్రం ఊళ్లో ఐలేశాన్ని పలకరించినవాళ్లు లేరు. పాపం, అతనికి ఏడుపొచ్చింది. ఎవరి ముందు ఏడవాలో తెలియలేదు.

కౌలుకు తక్కువపడ్డదానికి ఇంట్లో ఉన్న మేకను అమ్మక తప్పలేదు. అంగట్లో మేకను తూకం వేసి కొంటారు. మర్నాడు పొద్దున మేక బకెట్లో మూతి పెట్టి ఆగకుండా తాగుతోంది. పక్కనే ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. ఉప్పునీళ్లకు మేక దాహం తీరదు, ఎన్ని తాగితే అంత బరువు. ఐలేశం అన్నీ చూశాడు. అంగీ తొడుక్కుని బయల్దేరబోయాడు.

నర్సింగమ్మ మేక తాడు చేతికి చుట్టుకుంది.

"నువ్వు రాకు," అన్నది. "నేనొక్కదాన్నే తోల్కపోత."

ఐలేశం మొహం అటు తిప్పుకుని, అంగీ విప్పి దండెం మీద వేశాడు.