డ్రిల్లు మాస్టారి వరస

రిటైరైనా డ్రిల్లు మాస్టారి మెడలో ఈల తాడు వేలాడుతూనే ఉంటుంది. పొద్దున్నే సెలూన్‌కొచ్చి, గడ్డానికి నురగ పూయించుకుంటూ లోకంలోని ఆటగాళ్లందరికీ వరస కడతారు. ఫుట్‌బాల్‌తో పాటు పరుగులోనూ, బాస్కెట్‌బాల్‌లోనూ పతకాలు కొట్టిన ఒక పాతతరం వీరుడంటే ఆయనకు ప్రాణం. "అన్ని ఆటలూ వచ్చినవాళ్లలో అతన్నెక్కడ పెడతారు మాస్టారూ?" అని సెలూనాయన కదిపితే చాలు, తువ్వాలు కిందనుంచి చెయ్యి పైకి లేస్తుంది.

ఆ రోజూ అంతే. "మొదటి స్థానం! ఒక్క ఆటకే కట్టేసుంటే ఏమైపోయేవాడయ్యా?" అని గొంతు పెంచారు. అంతలో అద్దంలో కూతురు కనిపించింది. ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నప్పుడు ఆమె బంతి తన్నేది, ఈదేది, లాంగ్ జంప్‌లో బడి మొత్తాన్నీ ఓడించేది. "అన్నీ ఆడితే ఏదీ రాదు" అని ఈయనే ఫుట్‌బాల్ తప్ప అన్నీ మాన్పించారు. మోకాలు దెబ్బతిన్నాక అదీ పోయింది.

"మరి నన్నెందుకు కట్టేశావు నాన్నా?" అంది, మామూలుగానే.

సెలూనాయన కత్తి ఆగింది. తువ్వాలు కింద మాస్టారి చెయ్యి ఈల తాడును వెతుక్కుంది. తండ్రి అవస్థ చూసి ఆమెకే జాలేసింది. "సర్లే, రెండో స్థానం ఎవరికిచ్చావు?" అని నవ్వుతూ కళ్లజోడు చేతిలో పెట్టింది.

"నీకేనమ్మా" అనాలనుకున్నారు. అనడానికి మొహం చెల్లక, నురగ ఆరిపోతున్న చెంపను మళ్లీ కత్తి వైపు తిప్పారు.