కీబోర్డు మీద ఒంటి దీపం

పాప నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం అప్పట్లో నాకు అలవాటు. వేలికి తగిలింది ఫ్యాను గాలేమోనని ఫ్యాను ఆపి మళ్లీ చూసేదాన్ని. ఉక్కకు పాప లేచి ఏడ్చేది. అప్పుడు నాకు నిశ్చింతగా ఉండేది.

ఆ రోజుల్లోనే తిరుపతి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నా ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సిన గడువు దగ్గరపడింది. సెమిస్టరు మారినప్పుడల్లా ల్యాబు కంప్యూటర్లన్నింటిలో లినక్స్ కొత్తగా ఎక్కించాలి. ఒక్కోదాని ముందూ కూర్చుని, అది అడిగే ప్రశ్నలకు జవాబు చెబుతూ, సీడీలు మారుస్తూ ఉంటే చీకటి పడేది.

"జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెడితే దానంతట అదే ఎక్కుతుంది సార్, మనిషి అక్కర్లేదు" అన్నాను మా హెడ్డుతో.

"చేసి చూపించమ్మా. ఎక్కిందంటే మూడు గంటల బస్సుకే పోవచ్చు. లేదంటే అందరి మాదిరే సాయంత్రం దాకా ఉండాల" అన్నారాయన.

పాపకు ఇంకా నా పాలే. ఆ మూడు గంటల బస్సు తప్ప నాకు వేరే ధ్యాస లేదు.

చేరేలోగా ఇంకా కొద్దిరోజులు సెలవుంది. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. దాని లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరును, అంటే వర్చువల్ మెషీన్‌ను, తయారుచేసుకుని సాధన మొదలుపెట్టాను. చెడిపోతే తుడిచేసి ఇంకోటి పుట్టించుకోవచ్చు. పిల్లల పెంపకంలో లేని ఈ సౌకర్యం నాకు భలే నచ్చింది.

మధ్యాహ్నం మొదలుపెడితే లినక్స్ చక్కగా ఎక్కేది. సాయంత్రం మొదలుపెడితే మొదటి తెరలోనే ఆగిపోయి, నేనేదో టైపు చేస్తానని గీత మిణుకుమిణుకుమంటూ కాచుకునేది. ఫైల్లో ఒక లైను మార్చాను. మర్నాడు మధ్యాహ్నం ఎక్కింది. గెలిచాననుకున్నాను. సాయంత్రం మళ్లీ ఆగింది. మార్చిన లైను మళ్లీ పాతలాగే పెట్టాను. వేడెక్కిందేమోనని డబ్బా మూత ఊడదీసి విసనకర్రతో విసిరాను.

"సాయంత్రమైతే దానిక్కూడా కాఫీ కావాలేమో, ఇచ్చి చూడు" అన్నాడు మా ఆయన.

కాలేజీలో చూపించాల్సిన రోజుకు ముందు సాయంత్రం, పాపను ఒళ్లో వేసుకుని మళ్లీ మొదలుపెట్టబోతున్నాను. మా అత్త దేవుడికి దీపం పెట్టి వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాచి కీబోర్డు మీద ఒక మీట నొక్కింది.

"ఏం నొక్కినావత్తా?"

"దీపం ఎలిగించినా. సందేళ ఒంటి దీపం ఉండగూడదమ్మే. ఈడ సూడు, మూడు దీపాలు పెట్టుకోని ఒకటే ఎలగతా ఉండాది."

కీబోర్డు మూలన మూడు చిన్న పచ్చ లైట్లు. అంకెల మీటలకు సంబంధించిన మొదటిది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

"రోజూ నొక్కతా ఉండావా?"

"నొక్కకుండా? ముందు నడిమిదాన్ని ఎలిగిస్తి. అచ్చరాలన్నీ పెద్దవైపోయినాయని నువ్వు ఎగిరితివి. బిడ్డతల్లితో రచ్చ ఎందుకులే అని ఈ కడదాన్ని పట్టుకున్యా. దీంతో ఎవురికీ ఏ బాధా లేదు."

నిజమే. కడపటిది స్క్రోల్ లాక్. దాంతో ఎవరికీ ఏ పనీ లేదు, లినక్స్ మొదటి తెరకు తప్ప. అది వెలుగుతూ కనిపిస్తే, ఎవరో మనిషి తనతో మాట్లాడాలనుకుంటున్నాడని ఆ తెర మర్యాదగా ఆగుతుంది. రాత్రి కంప్యూటరు ఆపితే ఆ దీపమూ ఆరిపోయేది. అందుకే మధ్యాహ్నాలు బాగుండేవి.

దాన్ని ఆర్పి మొదలుపెట్టాను. లినక్స్ గడగడా ఎక్కేసింది.

"ఇది ఎలిగితే నాకు మూడు గంటల బస్సు లేదత్తా" అన్నాను.

అత్త మొదటి లైటు మీద వేలు పెట్టింది. "అట్లయితే ఆ మొదటిది గూడా ఆర్పెయ్. దీపమే లేకుంటే ఇంక దోసం యాడిది?"

మర్నాడు ల్యాబులో ప్రతి కీబోర్డు దగ్గరా ఆగి లైట్లన్నీ ఆర్పుకుంటూ పోయాను.

"ఏందమ్మా అది?" అన్నారు హెడ్డు.

"ఇంట్లో పెద్దోళ్ల మాట సార్."

కంప్యూటర్లన్నీ మనిషి లేకుండానే లినక్స్ ఎక్కించుకున్నాయి. ఆయన గడియారం చూసి, "సరే, పో" అన్నారు. పాలతో తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకుని బస్సెక్కాను. స్టాపు నుంచి ఇంటికి పరుగే.

అత్త గుమ్మంలోనే నోటి మీద వేలు పెట్టింది. "ఇంత ఎగపోసుకోని వచ్చినావా! ఇప్పుడే గదా డబ్బాపాలు తాగి పండుకునింది."